రూమ్‌లో, రూముల

మస్కట్‌లో రువీ అనే పేటలో నేను భోజనం చేసే హోటల్లో గోంగూర పచ్చడి పాలకూరతో చేస్తారు. పులుపు కోసం పైన నిమ్మకాయ పిండుతారు. ఈ సంగతి వడ్డించే మనిషికి వారం వారం చెబుతూనే ఉన్నాను. అతను చాలా మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి, చివరిదాకా వింటాడు. "ఓకే సార్, లోపల చెప్తాను సార్, థాంక్యూ సార్" అంటాడు. మళ్లీ వారం మళ్లీ పాలకూరే. అతను ఒక్కసారి "తింటే తిను, లేకపోతే లే" అని ఉంటే ఆ పూటే వేరే హోటలు చూసుకునేవాణ్ని. ఆ థాంక్యూ మూలంగా ఏడాదిగా పాలకూర తింటున్నాను.

మస్కట్‌లో నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాను. చిన్నది అనకూడదు, ఎదుగుతున్నది అనాలని మా మేనేజర్ చెప్పాడు. ఒక పెద్ద కట్టడాల కంపెనీ తన లేబర్ క్యాంపుల కోసం మా దగ్గర ఒక యాప్ చేయించుకుంది. నీళ్లు రాకపోయినా, ఏసీ ఆగినా, పప్పులో పురుగు కనబడినా కార్మికుడు ఫోన్లో తన భాషలోనే రాసి పంపవచ్చు. అంతకుముందు గోడకు ఒక ఫిర్యాదుల పెట్టె ఉండేదట. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోవడం వల్ల ఆధునికమయ్యారు.

ఆ యాప్‌లో నాకు అప్పజెప్పింది గేటు. ఫోన్లో 'పంపు' నొక్కగానే ఆ మాటలు తిన్నగా ఎవరి ముందుకూ వెళ్లవు. ముందొక గేటు దగ్గర ఆగుతాయి. గేటు చేతిలో నియమాల ఫైలు ఒకటుంటుంది. ప్రతి నియమానికీ రెండు ముక్కలు: ఇలా ఉంటే, అలా చెయ్యి. వచ్చిన మాటను పైనుంచి కిందికి ఒక్కో నియమంతో సరిచూస్తుంది. ఏది ముందు సరిపోతే అదే ఖాయం, కింద ఇంకా ఎంత మంచి నియమాలున్నా అటు తిరిగి చూడదు. లోపలికి వచ్చే మాటకు కొన్ని నియమాలు, బయటికి వెళ్లే జవాబుకు మరికొన్ని. మా ఊరి సినిమాహాలు గేటు మనిషి అచ్చం ఇలాగే ఉండేవాడు. నువ్వెవరివి, లోపలున్న మీ మామయ్యను పిలవడానికి వచ్చావా, ఇంటి దగ్గర కొంప మునిగిందా, ఇవేవీ అడిగేవాడు కాదు. టికెట్ రంగు చూసేవాడు. అతనికి కోపం లేదు, దయ లేదు. ఆ ఉద్యోగానికి అదే అర్హత. నేను ఇంజనీరింగ్ చదివి అతని పై అధికారినయ్యాను.

ఆ వేసవి మొదట్లో మేనేజర్ మమ్మల్ని కూర్చోబెట్టి తెర మీద రంగురంగుల గుండ్రాలు చూపించాడు. ఆయన ఉత్తరాది మనిషి, కోపం వచ్చినా మాట తియ్యగానే ఉంటుంది. భాషకొక గుండ్రం, ఫిర్యాదు ఎరుపు, సంతోషం ఆకుపచ్చ. హిందీ వాళ్లది సగం ఎరుపు, బెంగాలీ వాళ్లది ఇంకాస్త ఎరుపు. తెలుగు గుండ్రం మాత్రం వరిచేను.

"మీవాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు" అన్నాడు నాకేసి తిరిగి, ఆ సంతోషంలో నాకూ వాటా ఉన్నట్టు.

వచ్చిన తెలుగు మాటలు చదివాను. 'అన్నం బాగుంది.' 'దేవుని దయతోని అందరం మంచిగున్నం.' 'మీకు, మీ కుటుంబానికి ఉగాది శుభాకాంక్షలు.' నలుగురు తెలుగువాళ్లు ఒకచోట కూర్చుని భోజనం చేసి, కూరలో ఉప్పు గురించి ఒక్క ముక్క అనకుండా లేచి చెయ్యి కడుక్కున్నారంటే నేను నమ్మను. ఆ మాటే అన్నాను. మేనేజర్ నవ్వాడు, అందరూ నవ్వారు. ఆఫీసులో నాకు జోకులేస్తానని పేరు. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ పేరు బాగా అడ్డం పడుతుంది.

ఎండలు ముదిరాక ఆ కట్టడాల కంపెనీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. రుస్తాఖ్ దగ్గరి క్యాంపులో ఒక గదిలో ఏసీ సాకెట్ కాలి పరుపు అంటుకుంది. ప్రాణాలేమీ పోలేదు. ఆ గదికి రూమ్ లీడర్‌గా ఉన్న తాపీమేస్త్రీ వైరు పట్టి పీకి, పరుపును బయటికి లాగి, నిద్రపోతున్నవాళ్లను లేపి తోలాడు. అందులో అతని అరచెయ్యి కాలింది. ఇందుకు కంపెనీ అతని వీసా రెన్యువల్ చేయకుండా ఇంటికి పంపదలచింది. కారణం కూడా రాశారు. గదిలో ప్రమాదం ఏదైనా కనబడితే యాప్‌లో ఫిర్యాదు పెట్టడం రూమ్ లీడర్ బాధ్యత. అతను పెట్టలేదు. పెట్టానని అబద్ధం కూడా చెబుతున్నాడు. అతని ఫోన్ నంబరు నుంచి సాకెట్ గురించి ఏ ఫిర్యాదూ రాలేదని మేము ధ్రువీకరిస్తే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

"ఒక్క లైన్" అన్నాడు మేనేజర్. "నో రికార్డ్ ఫౌండ్ అని కొట్టి పంపెయ్."

వెతికాను. నిజంగానే లేదు. ఆ నంబరు నుంచి మాకు అందినది ఒకే ఒక్క మాట: 'అందరం బాగున్నం.'

ఆ ఒక్క లైన్ కొట్టబోతుండగా రుస్తాఖ్ నుంచి క్యాంప్ బాస్ ఫోన్ చేశాడు. క్యాంపులో గదులు, మెస్సు, గొడవలు చూసుకునే మనిషిని అలా అంటారు. ఈయనది కడప. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, తిట్టేటప్పుడు రెండూ.

"ఏమబ్బా, ఆ యాప్ నువ్వు చేసిందేనంట గదా?"

"నేను చెయ్యలేదండీ, చూసుకుంటానంతే."

"ఎవురు కన్నారో నాకెందుకు? ఎవురు సాకుతాండారో వాళ్లకే గదా చెప్పాల్సింది! ఈ మనిషి ఇప్పుడే నా కండ్ల ముందర మళ్లా టైపు కొట్టి చూపించినాడు. ఆ యాప్ థాంక్సు గూడా చెప్పింది. మీరేమో రాల్యా అంటాండారంట. అబద్ధం మనిషి చెప్పినాడా, మిషను చెప్పిందా? ఒకసారి వచ్చి చూసిపో."

శుక్రవారం బయలుదేరాను. ఒక్క లైన్ కోసం అంతదూరం ఎందుకన్నాడు మేనేజర్. బిర్యానీ కోసమని చెప్పాను. నమ్మాడు.

గది గోడ మీద సాకెట్ ఉన్నచోట నల్లటి మచ్చ, ఎవరో పెద్ద చేత్తో మసి పూసినట్టు. మంచానికి పరుపు లేదు, అట్టపెట్టె విప్పి పరిచారు. మేస్త్రీ జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా తెల్లటి కట్టు. నన్ను చూసి లేచాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి. బువ్వ తిన్నరా?"

"తింటానన్నా. ముందు ఈ పని చూద్దాం."

"శానాసార్లు రాసి పంపిన సార్. నేను అబద్ధమాడిన్నని రాసిన్రట గద."

"ఇంకా ఎవరూ రాయలేదు."

"అయితె రాసేతందుకు అచ్చిన్రా?"

క్యాంప్ బాస్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అది నవ్వు అని తర్వాత తెలిసింది.

"నాకేం పంతం లేదు సార్" అన్నాడు మేస్త్రీ. "బిడ్డ నర్సింగ్ సదువుతాంది. అది ఒడిసేదాక నన్ను ఈడ ఉండనియ్యుండ్రి. ఆటెన్క ఆళ్లు నన్ను పంపుడేంది, నేనే పోత. గని అబద్ధాలకోరును జేసి పంపుతె ఎట్ల? ఇంకో కంపినోడు తీసుకుంటడా?"

అప్పుడెలా పంపారో ఇప్పుడూ అలాగే పంపమన్నాను. ఎడమచేతి బొటనవేలితో మెల్లగా కొట్టాడు: 'మా రూమ్‌లో ఏసీ సాకెట్‌లో నిప్పులు వస్తున్నాయి. దయచేసి చూడగలరు.' పంపాడు. ఫోన్ మీద ఆకుపచ్చ టిక్కు పడింది. కింద 'ధన్యవాదాలు! మీ ఫిర్యాదు మాకు అందింది' అని వచ్చింది. రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా.

నా ల్యాప్‌టాప్‌లో ఏమీ రాలేదు. తెర తిప్పి వాళ్లకూ చూపించాను. ఈసారి 'బాగున్నాం' అని పంపమన్నాను. పంపాడు. అదే టిక్కు, అదే దండం. ఇటు నా తెర మీదకు టక్కున వచ్చి కూర్చుంది.

"ఓహో!" అన్నాడు క్యాంప్ బాస్. "బాగుండాం అంటే లోపలికి రమ్మంటాది, బాగల్యా అంటే తలుపేస్తాది. ఎవురన్నా మంత్రి చేయించినాడా అబ్బా దీన్ని?"

వాక్యాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కటే పంపించాను. 'నిప్పులు వస్తున్నాయి' వచ్చింది. 'దయచేసి చూడగలరు' వచ్చింది. 'రూమ్' వచ్చింది. 'రూమ్‌లో' రాలేదు. 'సాకెట్‌లో' రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనందుకు ఏమాత్రం సంతోషం కలగలేదు.

ఇంగ్లీషు మాటకు మన 'లో' తగిలిస్తే మ కింద ల వత్తు పడి 'రూమ్లో' అని ముద్దగా అతుక్కుంటుంది. అలా అతుక్కోకుండా రెండూ విడివిడిగా నిలబడాలని ఫోను కీబోర్డు మధ్యలో ఒక అక్షరం పెడుతుంది. దానికి రూపం లేదు, చప్పుడు లేదు, కంటికి కనబడదు. గాజు గ్లాసుల మధ్య దుకాణంవాడు పెట్టే కాగితం లాంటిది. మా గేటు ఫైల్లో అన్నిటికన్నా పైనున్న నియమం ఏమిటంటే, వచ్చినదానిలో కనబడని అక్షరం ఉంటే అది దొంగది, ఆపు. దొంగలు అలాంటివాటి చాటున ఏవేవో దాచి పంపుతారన్నది నిజమే. నేను చేరకముందు ఎవరో ఇంకో పనిలోంచి ఆ నియమాన్ని ఎత్తి ఇందులో అతికించారు. ఇంగ్లీషుకు ఆ అక్షరంతో పనిలేదు, అరబ్బీకీ లేదు. హిందీలో ఎప్పుడో గాని రాదు. తెలుగువాడికి మాత్రం రూమ్‌లో, సైట్‌లో, క్యాంప్‌లో, బాత్‌రూమ్‌లో అది లేనిదే గడవదు. గల్ఫ్‌లో మనవాడు అవస్థ పడే చోట్లన్నిటికీ ఇంగ్లీషు పేర్లే. అన్నం, దయ, బాగు, శుభాకాంక్షలు మాత్రం ఏ ఆటంకం లేకుండా గేటు దాటాయి. అలా పండింది మా వరిచేను. ఇంతవరకు ఇక్కడ నేను రాసిన వాక్యాల్లో కూడా చాలా వాటిని మా గేటు రానివ్వదు.

అది తెలియనితనం. దాన్ని క్షమించగలను, నా జీతం దాని మీదే నడుస్తోంది. క్షమించలేనిది రెండోది. గేటు ఆ మాటను ఆపినప్పుడు 'అనుమతి లేదు' అనే జవాబు ఇచ్చింది, పాపం. కాని బయటికెళ్లే దారిలో ఇంకో నియమం కాపు కాసి ఉంది: ఫిర్యాదుల పేజీ నుంచి వెళ్లే జవాబు ఏ తప్పు గురించి చెప్పబోయినా, దాన్ని చెరిపి ధన్యవాదాలు పెట్టు. ఒకప్పుడు ఆ కట్టడాల కంపెనీ పెద్దల ముందు యాప్ చూపిస్తుంటే తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయట. మేనేజర్ మనసు నొచ్చుకుని ఇది పెట్టించాడు. రాసినవాడు ఉద్యోగం మారి దుబాయ్ వెళ్లిపోయాడు, నియమం ఇక్కడే ఉండిపోయింది. 'రాలేదు' అని గేటు ఒక్కసారి చెప్పి ఉంటే ఈ మనిషి క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లేవాడు, ఎలక్ట్రీషియన్ కాలర్ పట్టుకునేవాడు, ఏదో ఒకటి చేసేవాడు. అందింది అన్నారు కాబట్టి ఎదురు చూశాడు. నిప్పులు రాలుతున్న సాకెట్ పక్కన, చేతులు జోడించిన బొమ్మను నమ్ముకుని, మర్యాదగా ఎదురు చూశాడు.

నాకు కొంచెం చిరాకు వేసింది. ల్యాప్‌టాప్ మూత కాస్త గట్టిగా వేసినట్టున్నాను. అప్పటినుంచి దాని కుడిపక్క కీలు నిలబడదు.

అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. "అన్నా, మీరు మాట్లాడేటప్పుడు రూముల అంటున్నారు కదా? ఇక్కడ రూమ్‌లో అని రాశారెందుకు?"

అతను యాప్‌లో పైన ఉన్న సూచన చూపించాడు. 'సభ్యమైన, శుద్ధమైన భాషలో వ్రాయవలెను.' ఎవరు పెట్టారో, ఏ భాషలోంచి దించారో.

"కంపినోళ్లకు రాసేటప్పుడు మంచి తెలుగు రాయాలె గద సార్. రూముల, సాకెట్ల అని రాస్తె మీ దిక్కోళ్లు నవ్వుతరు."

మా దిక్కు తెనాలి. నవ్వుతారు. నేను కాదనకుండా, "ఒకసారి మీకు వచ్చినట్టే రాయండి" అన్నాను.

'మా రూముల ఏసీ సాకెట్ల నిప్పులస్తున్నయి.'

మూత ఎత్తి చూశాను. వచ్చి ఉంది. పొల్లు లేదు, కాబట్టి మధ్యలో కనబడని అక్షరం లేదు, కాబట్టి దొంగది కాదు.

మేస్త్రీ ఫోన్ వంకే చూస్తూ అన్నాడు. "అంటె నా తీర్గ రాస్తె పోతుండె. మీ తీర్గ రాసి ఆగమైతిని."

బిర్యానీ తిన్నాను. బాగుంది. ఆ మాట యాప్‌లో రాస్తే నేరుగా చేరుతుంది.

ఆదివారం ఆఫీసు తెరవగానే మేనేజర్ గదిలోకి వెళ్లి రెండు నియమాలూ ముందు పెట్టాను. చదివి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ అక్షరం చూపించు."

"కనబడదు."

"కనబడని దాని కోసం కనబడేంత కోపమా, భాయ్?"

మంచి జోకు. నేను వేసి ఉంటే నవ్వేవాణ్ని.

"అతను ఇంగ్లీషులో రాసి ఉండొచ్చుగా?" అన్నాడు.

"రాశాడు. రూమ్, ఏసీ, సాకెట్. ఆ వాక్యంలో పనికొచ్చే మాటలన్నీ ఇంగ్లీషే. తెలుగు కలిపినందుకు ఆగింది."

"సరే, కొన్ని ప్రాంతీయ లిపులతో స్వల్ప సాంకేతిక పరిమితి అని రాద్దాం."

"స్వల్పం అంటే ఆయన అరచెయ్యి. కుడిది. తాపీ పట్టేది."

"గొంతు తగ్గించు."

తగ్గించాను. తగ్గించిన గొంతుతోనే, ఆ మనిషి శానాసార్లు రాశాడనీ, రాసిన ప్రతిసారీ మనం దాన్ని పారేసి అందిందని చెప్పామనీ, అబద్ధమాడింది ఆయన కాదు మనమేననీ క్లయింటుకు నా పేరుతోనే రాస్తున్నానని చెప్పాను. హిందీ మధ్యలో మేస్త్రీ మాట 'శానాసార్లు' నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మేనేజర్‌కు తెలుగు రాదు కాబట్టి పట్టించుకోలేదు. "నీ పేరుతోనేగా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

రాశాను. ఎంత వివరంగా రాశానంటే, సినిమాహాలు గేటు మనిషి తప్ప అన్నీ ఉన్నాయందులో. వాళ్ల హెచ్ఆర్ నుంచి జవాబు మర్యాదగా వచ్చింది. నా నిజాయితీకి ధన్యవాదాలు. అయితే వాళ్ల విధానం స్పష్టంగా ఉంది: ఫిర్యాదు రికార్డులో ఉంటే రూమ్ లీడర్ బాధ్యుడు కాడు, లేకుంటే బాధ్యుడు. రికార్డులో లేదు. ఎందుకు లేదన్నది వేరే విభాగం చూడవలసిన విషయం. ఆ కార్మికుడు ఇప్పుడైనా యాప్ ద్వారా తన ఫిర్యాదు నమోదు చేస్తే, పునఃపరిశీలనకు పైకి పంపగలరు. హామీ ఇవ్వలేరు. ఇలా ఉంటే, అలా చెయ్యి. ముందు సరిపోయినదే ఖాయం. నేను కోడ్‌లో రాసే గేట్లకే దయ లేదనుకునేవాణ్ని. నాది చాలా చిన్న గేటు.

ఆ పూటే ఫైలు తెరిచాను. ధన్యవాదాల నియమాన్ని పూర్తిగా తీసేశాను. ఇక ఏది ఆగితే అది 'ఆగింది' అనే చెబుతుంది, ఎర్రక్షరాల్లో, ఎంత పెద్దమనిషి ముందైనా. పై నియమంలో మన అక్షరానికి దారి వదిలాను. 'సభ్యమైన, శుద్ధమైన' కూడా పీకేసి, 'మీకు వచ్చినట్టు రాయండి' అని పెట్టాను. అది నా పని కాదు. అడిగితే జోకు అని చెబుదామనుకున్నాను.

తర్వాత మేస్త్రీకి ఫోన్ చేశాను.

"అన్నా, ఇప్పుడు పంపండి. రూమ్‌లో అని రాసినా వెళ్తుంది, రూముల అని రాసినా వెళ్తుంది."

"ఆగుండ్రి, ఎడమచెయ్యి గద" అన్నాడు. వెనక ఎవరో సామాను సర్దుతున్న చప్పుడు, పెట్టె జిప్పు లాగుతున్న చప్పుడు. "రెండు తీర్ల రాసిన. పంపిన."

తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి. 'మా రూమ్‌లో సాకెట్ కాలినది. ఇంతకుముందు చాలాసార్లు తెలియజేసినాను.' దాని కింద: 'మా రూముల సాకెట్ కాలింది. ఎన్నోసార్లు జెప్పిన.'

"వచ్చాయన్నా!" అన్నాను. అవసరమైన దానికన్నా గట్టిగా అన్నట్టున్నాను, పక్క సీట్లవాళ్లు తలలెత్తి చూశారు. "రెండూ వచ్చేశాయి!"

అవతల జిప్పు చప్పుడు ఆగింది.

"అచ్చినయి మీ కాడికి, సార్" అన్నాడు. "నా వీసా మీ కాడున్నదా?"